ఆగని ఫ్యాను లెక్క

మా బస్తీ పిల్లలు చదివే జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ సారును బదిలీ చేసి, ఆయన స్థానంలో ఎవరినీ వేయకుండా అధికారులు ద్రోహం చేశారు. ఆ కోపంతోనే ఇవాళ ఉప్పుగూడ కమ్యూనిటీ హాలులో, మన సంఘం కరపత్రాలు రాసే నేనే పాఠం చెప్పడానికి కూర్చున్నాను.

గుడిమల్కాపూర్‌లో పూలమ్మే యాదమ్మక్క కూతురు మమతకు ఎల్లుండి సప్లిమెంటరీ పరీక్ష. ఈసారి కూడా తప్పితే చదువు మాన్పించి మార్కెట్‌కు తీసుకుపోతానంటోంది తల్లి. మమత అడిగిన లెక్క ఇది: నిమిషానికి ఆరు వందల చుట్లు తిరిగే ఫ్యాను, స్విచ్ ఆపాక ఒకే తీరుగా నెమ్మదించి ఇరవై సెకన్లలో ఆగింది. ఈలోగా ఎన్ని చుట్లు తిరిగింది? సూత్రంలో అంకెలు వేశాను. ఆరు వేలు వచ్చింది. పుస్తకంలో జవాబు వంద.

"ఇరవై సెకన్లల ఆరు వేల చుట్లా? గట్ల తిరిగితే స్లాబే లేచిపోతది అన్నా!" అని మమత పకపకా నవ్వింది. అంతలోనే మొహం చిన్నబుచ్చుకుని, "నీ కరపత్రాలల్ల గిది రాయలేదా?" అంది.

మళ్లీ మళ్లీ చేశాను. అదే ఆరు వేలు. తప్పెక్కడుందో నాకు అంతుపట్టలేదు. ప్రభుత్వాన్ని గంటసేపు తిట్టగలను గానీ, ఆ పిల్లకు ఒక్క లెక్క చెప్పలేకపోయాను.

నినాదాలిచ్చేవాళ్లం మనలో చాలామందిమే ఉన్నాం. ఫిజిక్స్ వచ్చినవాళ్లెవరైనా ఉంటే రేపు సాయంత్రం ఆరింటికి హాలుకు రండి. నేను మమత పక్కనే కూర్చుని నేర్చుకుంటాను.