ఆగని బస్సుకు స్టోరీబోర్డు

హైదరాబాదులో ఉన్నప్పుడు నేను ప్రకటనలకు స్టోరీబోర్డులు గీసేదాన్ని. తీయబోయే సీనును ముందుగానే గళ్లు గీసి, ఒక్కో గడిలో ఒక్కో బొమ్మ వేసి చూపించడమే ఆ పని. సబ్బు నురగ, సిమెంటు గోడ, కాఫీ కప్పుతో నవ్వే కోడలు, అన్నీ గీశాను. మా ఆయనకు పులివెందులకు బదిలీ అయ్యాక వేంపల్లెలో మా అత్తగారింటికి వచ్చేశాం. ఊళ్లో ఎవరికీ నేను చేసిన పని అర్థం కాలేదు. సినిమాల్లో చేసిందట అన్న మాట మాత్రం బాగా పాకింది.

అది విని పక్క ఊరి హైస్కూలు హెడ్మాస్టరు ఇంటికొచ్చారు. పిల్లల చిన్న సినిమాలకు జిల్లాలో పోటీ పెట్టారట. శనివారాలు వచ్చి సీను గీయడం నేర్పమన్నారు. పిల్లలు స్వేచ్ఛగా ఆలోచించాలని చాలాసేపు చెప్పారు. వెళ్లేటప్పుడు చెప్పులు వేసుకుంటూ, అంశం పరిశుభ్రత అయితే ఎవరికీ ఇబ్బంది ఉండదన్నారు.

మొదటి శనివారం తొమ్మిదో తరగతి పిల్లలకు లాంగ్ షాట్, క్లోజప్ అంటే ఏమిటో చెప్పి, మన ప్రాంతంలో జరిగే సీను ఒకటి గీయమన్నాను. కాగితాలు తీసుకుని చూస్తే ప్రతి దాంట్లో సుమోలు గాల్లోకి లేచి ఉన్నాయి. వేటకొడవళ్లు, తెల్లచొక్కాలు, కోరమీసాలు. చర్చిలో పాటలు పాడే అమ్మాయి కూడా నాటుబాంబు గీసింది. దాని పొగ మాత్రం చాలా శ్రద్ధగా, మల్లెచెండులా గీసింది.

సుమో పేలడం ఎవరైనా చూశారా అని అడిగాను. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వెనక బెంచీ పిల్లవాడు లేచి, "సుమో యాడుండాది మేడం, మా ఊర్లో అన్నీ ఆటోలే" అన్నాడు.

"మరి ఎందుకు గీశావు?"

"మీరే గదా మేడం, మన సీమ సీను అంటిరి."

నేను సీమ అనలేదు, మన ప్రాంతం అన్నాను. కానీ ఏ మాట వాడినా వాళ్లకు సుమోయే వినిపించేది. ఈ వారంలో మీకు నిజంగా జరిగింది గీయండి అన్నాను. మాకేం జరుగుతాది మేడం అన్నట్టు చూశారు. చివరికి కిటికీ పక్కన కూర్చున్న ఒక సన్నటి అమ్మాయి, బస్సు ఆపకపోవడం కూడా సీనే అవుతుందా అని అడిగింది. అవుతుందన్నాను. అమ్మాయిలందరూ ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టారు.

విషయం ఇదీ. ఆడవాళ్లకు బస్సులో టికెట్టు తీసేశాక, సాయంత్రం బస్సు వీళ్లను చూసి కాస్త నెమ్మదించి, ఆపకుండా ముందుకు పోతుంది. అందుకని వీళ్లు బజ్జీల బండి వెనక దాక్కుని, రోడ్డు మీద ఎవరైనా పెద్దాయన్ను ఒంటరిగా నిలబెట్టి చెయ్యెత్తిస్తారు. బస్సు ఆగగానే బండి వెనకనుంచి అందరూ పరుగెత్తుకొచ్చి ఎక్కేస్తారు. చెయ్యెత్తిన పెద్దాయన ఎక్కకుండా ఇంటికి పోతాడు.

నేను ఇన్నేళ్లు గీసిన ఏ ప్రకటనలోనూ ఇంత మంచి సీను లేదు. ఆ అమ్మాయి బొమ్మలు గీసింది, మిగతావాళ్లు కెమెరా ఎక్కడ పెట్టాలో పోట్లాడుకున్నారు. బండి వెనకనుంచా, రోడ్డు మధ్యనుంచా? బస్సు ఆగని గడిలో ఆ అమ్మాయి బస్సు అద్దంలో కనిపించే డ్రైవరు మొహం ఒక్కటే క్లోజప్‌గా గీసింది. ఆపకుండా పోతూ ఆయన నవ్వుతున్నాడు.

తల్లిదండ్రుల సమావేశం రోజున హెడ్మాస్టరు చార్టులన్నీ వరండా గోడకు అంటించారు. జనం సుమోల దగ్గర ఆగి మెచ్చుకుంటున్నారు. బస్సు బొమ్మల ముందు మాత్రం ఒకాయన కదలకుండా నిలబడి ఉన్నాడు. ఏడో తరగతి పిల్లవాడి తండ్రి. ఆ బస్సు డ్రైవరు ఆయనేనని హెడ్మాస్టరు నా చెవిలో చెప్పి, పరిశుభ్రత చార్టు తెచ్చి దాని మీద అంటించేద్దామా అన్నారు. అప్పటికే ఆలస్యమైంది.

ఎవరు గీశారని ఆయన నన్ను అడిగాడు. నేను పిల్లలందరూ కలిసి అని నీళ్లు నములుతుంటే, ఆ అమ్మాయే ముందుకొచ్చి నేనే అంది.

ఆయన కోప్పడలేదు. బొమ్మనే చూస్తూ, "బాగానే గీసినావు గానీ, నేను ఎప్పుడూ అట్ల నగలేదమ్మా" అన్నాడు. బస్సు అప్పటికే కిక్కిరిసి ఉంటుందని, ఆలస్యమైతే డిపోలో తనను నిలదీస్తారని చెప్పాడు.

ఆ అమ్మాయి అంతా విని, "రోడ్డు మీద నుంచి చూస్తే నగినట్లే కనపడ్తాది సార్" అంది.

కెమెరా ఎక్కడ పెడితే సీను ఎలా మారుతుందో నేను నెలరోజులుగా నేర్పుతున్నాను. ఇంత సూటిగా ఒక్కసారీ చెప్పలేకపోయాను.

సోమవారం సాయంత్రం హెడ్మాస్టరు ఫోనుతో సీను తీయడానికి స్టాపుకు వెళ్లాం. అమ్మాయిలు బండి వెనక దాక్కున్నారు. చెయ్యెత్తడానికి మేం పిలుచుకొచ్చిన పెద్దాయన ఇంకా రోడ్డెక్కనే లేదు, బస్సు వచ్చి సరిగ్గా స్టాపు దగ్గర ఆగింది. హెడ్మాస్టరు పరుగున వెళ్లి, సినిమా కోసం ఈ ఒక్కసారి ఆపకుండా పొమ్మని డ్రైవరును బతిమాలారు. ఆయన ఒప్పుకోలేదు. ఎవరైనా వీడియో తీసి పెడితే తన ఉద్యోగం పోతుందన్నాడు. ఈలోగా నా నటీమణులందరూ బస్సెక్కి సీట్లు పట్టుకున్నారు. దిగమన్నా దిగలేదు. మళ్లీ సీటు దొరకదని వాళ్ల భయం. బస్సు పోయాక రోడ్డు మీద హెడ్మాస్టరూ నేనూ మిగిలాం.

"బస్సు ఆగె, సినిమా నిలిచిపాయె గదమ్మా" అన్నారాయన. కానీ గొంతులో బాధేమీ లేదు.

పోటీకి చివరికి హెడ్మాస్టరు చీపురు పట్టి వరండా ఊడ్చే సినిమా వెళ్లింది. పాల్గొన్నందుకు సర్టిఫికెట్టు వచ్చింది. బస్సు ఇప్పుడు ఆగుతోంది. ఆ డ్రైవరు డ్యూటీ లేని రోజుల్లో మాత్రం ఎప్పటిలాగే ముందుకు పోతుంది. ఆ రెండో డ్రైవరు పిల్లలెవరూ మా బడిలో చదవరు.