గీకుడు బావ, సోడా బావమరిది

మా ఆయనకి కుళ్ళు. దీన్ని మెత్తగా చెప్పే మాటలు వేరే ఉన్నాయేమో గానీ, కాపురం చేస్తున్నదాన్ని నేను, నాకు ఈ మాటే సరిపోతుంది. పక్కింటివాళ్ళు కొత్త ఫ్రిజ్ కొంటే ఆయన కన్నెత్తి చూడడు. తోటివాళ్ళ జీతం పెరిగితే నిజంగానే సంతోషిస్తాడు. ఆ విషయాల్లో దేవుడిలాంటి మనిషి. ఆయన కుళ్ళంతా పని దగ్గరే. ఇంకొకరి చేతికింద రేకు తనకంటే శుభ్రంగా తేలిందా, ఆ పూటకి అన్నం సయించదు, నేను ఏం వండినా ఉప్పెక్కువే.

ఆయన పని పాత కార్లకి పెయింటు ఊడదీయడం. పాత కార్లని కొత్తవాటిలా చేసే షెడ్డు మాది. మాది అంటే యజమానిదేలెండి, మేం జీతగాళ్ళం. నేను ఓ మూల కుట్టుమెషిన్ ముందు కూర్చుని సీట్లకి కవర్లు కుడతాను. ఆయన రేకుకి మందు పూసి, పెయింటు ఉబ్బగానే బ్లేడుతో గీకి, మిగిలింది గరుకు కాగితంతో రుద్దుతాడు. అందుకే షెడ్డులో ఆయన్ని అందరూ ‘గీకుడు’ అంటారు. ఎవరో వెక్కిరింతకి పెట్టిన పేరది. ఈయనేమో బిరుదులా మోశాడు, కొత్తగా వచ్చినవాళ్ళు పేరడిగితే అదే చెప్పేవాడు. గీకుతున్నప్పుడు ఎవరు పిలిచినా పలకడు. బ్లేడు చప్పుడు మారితే కింద ఇంకో రంగు ఉందని ముందే చెప్పేస్తాడు. ఆకుపచ్చ కింద ఎరుపు తేలితే, మొదటి ఓనరు పెళ్ళికాని కుర్రాడై ఉంటాడు, పెళ్ళయ్యాక ఆవిడ మార్పించి ఉంటుంది అని తనలో తనే నవ్వుకునేవాడు.

మా తమ్ముడికి ఈ పని నేర్పింది ఆయనే. వాడు ఉద్యోగం సద్యోగం లేకుండా తిరుగుతున్న రోజుల్లో నేనే ఆయన చెవిలో జోరీగలా పోరి షెడ్డులో పెట్టించాను. వాడికి బావ మాటంటే వేదం. అన్నిటికంటే ముందు నేర్పిన మాట ఒకటుంది: ఒట్టి రేకుకి నీటిచుక్క తగలకూడదు, తగిలితే తుప్పు. చెమట తుడుచుకుని గానీ రేకు మీదకి వంగనిచ్చేవాడు కాదు. ఓసారి వాడు రేకు పక్కన మంచినీళ్ళు తాగాడని చెంబు లాక్కుని బయట పెట్టాడు.

అలాంటి మా తమ్ముడు ఎక్కడో చూసొచ్చి, యజమానిని ఒప్పించి, సోడా మెషిన్ తెప్పించాడు. సోడా అంటే వంటింట్లో ఉండే సోడాయే, కాకపోతే కాస్త బరక. దాన్ని గాలితో గొట్టంలోంచి కొడితే పెయింటు పొడిపొడిగా రాలిపోతుంది. ఇసుకతో కొడితే రేకు వేడెక్కి వంకర్లు పోతుంది, దీనితో ఆ బెడద లేదు. అద్దం మీద గీత కూడా పడదు. ఈయన పొద్దంతా వంగి గీకేంత పని వాడు నిలబడి, ముసుగు వేసుకుని, టీ చల్లారేలోపు ముగించేవాడు. ఈయన ఆ వైపు చూడకుండానే, మీ తమ్ముడు షెడ్డులో పిండిమిల్లు పెట్టాడా అని నన్నడిగాడు.

నేను మాత్రం తక్కువ తిన్నానా? నా తమ్ముడు గదా, మెచ్చుకున్నాను. రేకు వెన్నలా తేలిందిరా అన్నాను, అదీ ఈయనకి వినబడేలా. పుండు మీద కారం చల్లానని ఆ రాత్రి ఆయన మొహం చూశాక గానీ తెలియలేదు. ఆ తర్వాత ఇంట్లో వాడి ఊసెత్తితే చాలు, ఒంటికాలి మీద లేచేవాడు. వాడు నవ్వితే పొగరు. నవ్వకపోతే ఇంకా పొగరు.

అప్పుడు డాక్టరమ్మగారి కారు వచ్చింది. వాళ్ళ నాన్న నడిపిన కారు, ఆవిడకి అదంటే ప్రాణం. యజమాని కారుని సగానికి పంచాడు. ఎడమవైపు గీకుడుకి, కుడివైపు సోడాకి. ఎవరి వైపు రంగు నిలబడితే ఇకనుంచి షెడ్డులో ఆ పద్ధతే, రెండోవాళ్ళు మొదటివాళ్ళ కింద చెయ్యాలి అన్నాడు. అంటే ఓడితే మా ఆయన తను పని నేర్పినవాడి చేతికింద పనివాడు. ఆ మాట విన్నప్పుడు ఆయన మెడ నరం కొట్టుకోవడం నేను కూర్చున్నచోటి నుంచే చూశాను.

ఎడమవైపు ఆయన పెట్టిన ప్రాణం నేను వర్ణించలేను. తలుపు అంచుల్లో, పిడి కింద, కీలు సందుల్లో ఎక్కడా చిటికెడు పాత రంగు మిగల్చలేదు. వేళ్ళు పగిలాయి. కుడివైపు తమ్ముడు సోడా కొట్టేసి, ఉత్త గాలితో దుమ్ము ఊదేసి, అయిపోయింది బావా అన్నాడు. రెండు వైపులా ఒకేలా మెరిశాయి. ఈయన కుడివైపు తలుపు దగ్గరికి వెళ్ళి వేలితో నిమిరి చూశాడు. వంక దొరకలేదు. వంక దొరికుంటే ఆయన ఆ పాపానికి ఒడిగట్టేవాడు కాదని నా నమ్మకం.

మధ్యాహ్నం అందరూ అన్నాలకి వెళ్ళారు. నేను కవరు అంచు ఒకటి మిగిలిందని ఉండిపోయాను. సీట్ల గుట్ట వెనక నేనున్నట్టు ఆయన చూడలేదు. బకెట్టుతో నీళ్ళు తెచ్చాడు. జీవితంలో ఒట్టి రేకు దగ్గర ఉమ్మి కూడా మింగి పనిచేసిన మనిషి, కుడివైపు ముందు తలుపు మీద నీళ్ళు కుమ్మరించాడు. గుడ్డతో సందుసందుకీ పట్టించాడు. మళ్ళీ బకెట్టు తెచ్చి వెనక తలుపు తడిపాడు. మడ్‌గార్డు దగ్గరికి వచ్చేసరికి గేటు చప్పుడైంది, బకెట్టు పట్టుకుని తప్పుకున్నాడు. ఒకవైపు తోడబుట్టినవాడు, ఇంకోవైపు తాళి కట్టినవాడు. అరిస్తే ఒకరి పరువు పోతుంది, అరవకపోతే ఇంకొకరి బతుకు. నేను అరవలేదు.

ఎండ ఎంత మండిపోతోందంటే తడి ఇట్టే ఆరిపోయింది. తుప్పు పట్టే వ్యవధి లేకుండా పెయింటర్ వచ్చి అడుగుపూతగా అస్తరు కొట్టేశాడు, ఆ మీద రంగు. లోపల తుప్పు మొదలై ఎప్పటికైనా ఉబ్బకపోతుందా అని ఈయన ఎదురుచూశాడు. రోజూ పొద్దున వెళ్ళగానే ముందు కుడివైపుకే నడిచేవాడు. నేను ఆయన వెనకే నడిచేదాన్ని, గుండె చేత్తో పట్టుకుని.

నిజంగానే ఉబ్బింది. కానీ మడ్‌గార్డు మీద. రంగు బుడగలు బుడగలుగా లేచి, గోరు పెడితే పొరంతా ఊడి వచ్చింది. తలుపులు రెండూ మాత్రం అద్దాల్లా ఉన్నాయి. ఈయన మడ్‌గార్డు వంకా తలుపుల వంకా మార్చి మార్చి చూస్తూ నిలబడిపోయాడు. తమ్ముడి మొహంలో నెత్తురుచుక్క లేదు.

యజమాని మెషిన్ అమ్మినవాడికి ఫోన్ చేసి, అందరికీ వినబడేలా పెట్టాడు. అవతలివాడు అడిగింది ఒక్కటే, సోడా కొట్టాక నీళ్ళతో కడిగారా అని. సోడా కంటికి కనబడనంత పల్చగా రేకుకి అంటుకుని ఉంటుందట. దాన్ని నీళ్ళతో కడిగి ఆరబెట్టకపోతే ఏ రంగూ పట్టదట. తమ్ముడు తల దించుకుని, కడగలేదండీ అన్నాడు. ఒట్టి రేకుకి నీళ్ళు తగలకూడదని మా బావ నేర్పాడు, అందుకే తాకనివ్వలేదు అన్నాడు.

మరి తలుపులు ఎవరు కడిగారు అన్నాడు యజమాని.

తమ్ముడు మెల్లగా తలెత్తి మా ఆయన వంక చూశాడు. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేరుగా వచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు.

“నువ్వే కదూ బావా? నాకు చెప్తే చిన్నబుచ్చుకుంటానని చెప్పకుండా కడిగావు.”

మా ఆయన చేతులు విడిపించుకోబోయాడు. వాడు వదల్లేదు. అప్పుడు ఆయన నలుగురి ముందూ ఉన్నమాట అనేశాడు.

“కడగలేదురా. నీ పని నాశనమవ్వాలని, తుప్పు పట్టాలని పోశాను.”

తమ్ముడు పగలబడి నవ్వాడు. వాడితో పాటు పెయింటరూ, యజమానీ, అందరూ నవ్వారు. బావా బావమరుదుల వేళాకోళం అంటే ఇలా ఉండాలి అన్నాడు యజమాని. ఈయన నిజంగా అంటున్నాను అన్నకొద్దీ వాళ్ళు ఇంకా నవ్వారు. నవ్వనిది నేనొక్కదాన్నే.

యజమాని అక్కడికక్కడే తీర్పు చెప్పేశాడు. రెండు పద్ధతులకీ రంగు నిలబడుతుంది, సోడా అయితే చప్పున తెములుతుంది. కాబట్టి ఇకనుంచి సోడాయే. కొట్టడం తమ్ముడు. కడగడంలో చెయ్యి తిరిగినవాడు ఎలాగూ ఉన్నాడు కాబట్టి, కడగడం బావ. అలా మా ఆయన నా తమ్ముడి వెనక బకెట్టు పట్టుకునే పనివాడయ్యాడు.

ఇంటికొచ్చాక చొక్కా కూడా విప్పకుండా మంచం అంచున కూర్చున్నాడు. నేను చూశానని అప్పుడు చెప్పాను. ఆయన ఉలిక్కిపడలేదు.

“చూశావా? మరి ఆ మడ్‌గార్డూ చూశావుగా. ఊరికే అన్నం తినడానికి పోయుంటే, ఆ తలుపులూ అలాగే ఊడేవి. నేనే గెలిచేవాణ్ణి.”

ఆ సంగతి నాకు షెడ్డులోనే తట్టింది. పోనీలే, వాడు నీ మీద పెట్టుకున్న నమ్మకమైనా మిగిలింది, రేపటి నుంచి దానికి తగ్గట్టు ఉండు అన్నాను. ఆయన తన చేతుల వంక చూసుకున్నాడు. వాడు పట్టుకున్న చేతులు.

“అదేనే నా వల్ల కానిది. వాడి చోట నేనుంటే, బావ నా మంచికే కడిగాడని కల్లో కూడా అనుకునేవాణ్ణి కాదు, పట్టుకుని తన్నేవాణ్ణి. మంచితనంలో కూడా వాడే పైన.”