పెద్దమనిషి వస్తున్నాడని సున్నం

పోయిన వానాకాలం మాట. నాంపల్లి స్టేషన్ వెనక మేం కిరాయికుండే పాత బిల్డింగులో గోడలకు ఎంత చెమ్మంటే, చేపలు పెంచుకోవచ్చు. కింది గదిలో ఉండే యాదమ్మ మనవరాలికి ఆ చెమ్మకు పట్టిన బూజు వల్లే ఆయాసం. గోడలు బాగు చేయించేదాకా వదలొద్దని కిరాయిదారులందరినీ కూడగట్టాను. అబిడ్స్‌లో దుకాణమున్న ఓనరును బతిమాలి, బెదిరించి, స్వయంగా చూడటానికి తీసుకొచ్చాను.

"సేఠ్, గోడ చూస్తే మీకే దగ్గొస్తది" అంటూ యాదమ్మ గది తలుపు తోశాను. గోడ పాలలా మెరిసిపోతోంది! పొద్దున్నే సున్నం కొట్టేశారు.

"ఇదేందక్కా?"

"పెద్దమనిషి ఇంటికొస్తుంటే గలీజుగ ఉంచుతమా తమ్మీ? నా ఇజ్జత్ పోదా?" అంది యాదమ్మ.

ఓనరు పకపకా నవ్వాడు. "ఏది చెమ్మ? నీ ముచ్చట్లన్నీ గిట్లనే ఉంటయి" అంటూ గోడను అరచేత్తో చరిచాడు.

గోడకానుకుని ఉన్న మంచం మీది నుంచి మనవరాలు అప్పుడే ఆయనకు మంచినీళ్లు తేవడానికి లేచింది. ధన్‌మని గోడ గిలాబు పూత పెళ్లగా ఊడి ఆ మంచం మీదే పడింది. నేను ఒకటికి పది కలిపి చెప్పేవాణ్ణే గానీ, ఆ పెళ్ల నిజంగానే తలుపంత ఉంది. తలగడ దాని కిందే ఉండిపోయింది.

ఓనరు గబుక్కున వెనక్కి జరిగి, "రేపే మేస్త్రీని పంపుత" అన్నాడు. పంపాడు కూడా.

ఇంటికొచ్చినవాళ్లకు మంచినీళ్లివ్వాలని ఆ పిల్లకు నేర్పింది యాదమ్మే. అంతకు నిమిషం ముందు ఆమె మర్యాదను మనసులో ఎంత తిట్టుకున్నానో తలచుకుంటే, ఇప్పటికీ నా ఒళ్లు జలదరిస్తుంది.