తల లేని మహారాజుకి తలగడ

ముందే చెబుతున్నాను, ఇందులో ఎవరి పేర్లూ రాయడం లేదు. అమెరికాలో మా క్యారీ ఊళ్ళో తెలుగువాళ్ళం ఒకరికొకరం రెండు సిగ్నళ్ళ దూరంలో ఉంటాం. పేర్లు రాస్తే ఆదివారం చర్చిలో మొహం ఎక్కడ పెట్టుకోను? ఆఖరికి కుషాణుల మహారాజు పేరు కూడా రాయను. ఆయన పేరు మీరు బళ్ళో బట్టీ పట్టే ఉంటారు. మథుర దగ్గర దొరికిన ఆయన విగ్రహానికి తల లేదు. తలే లేనివాడికి పేరు లేకపోతే వచ్చిన నష్టమేముంది?

గుంటూరులో ఒక జూనియర్ కాలేజీలో నేను ఆరేళ్ళు చరిత్ర చెప్పాను. ఒక్కో పాయింటు చెప్పగానే "రాసుకోండి" అనేదాన్ని. పిల్లలు నా వెనకాల నన్ను 'రాసుకోండి మేడమ్' అనుకునేవాళ్ళు. పెళ్ళయి నార్త్ కరోలినా వచ్చాక ఇక్కడ చరిత్ర ఎవడిక్కావాలి? మూడు నెలల కోర్సు చేసి సాఫ్ట్‌వేర్ టెస్టర్నయ్యాను. ఎవరో కట్టిన లాగిన్ పేజీలో తప్పు పాస్‌వర్డ్ కొట్టి, అది ఒప్పుకుంటుందా లేదా అని చూడడం నా ఉద్యోగం. 'రాసుకోండి' మాత్రం నోట్లోంచి పోలేదు. పప్పులో ఉప్పు తక్కువైందని చెప్పినా చివర ఆ మాట వచ్చేస్తుంది. మా అమ్మాయి దాన్ని వెక్కిరించని రోజు లేదు.

దానికి పదకొండేళ్ళు. ఐదో తరగతి. వాళ్ళ బళ్ళో ప్రతి ఏడాదీ మైనపు మ్యూజియం అని ఒకటి పెడతారు. మైనమేమీ ఉండదు. పిల్లలే చరిత్రలోని ఒకళ్ళ వేషం కట్టుకుని బొమ్మల్లా కదలకుండా నిలబడతారు. ఎదురుగా కుర్చీ మీద ఎర్ర కాగితంతో చేసిన బటన్ ఉంటుంది. దాన్ని నొక్కితే బొమ్మకి ప్రాణమొచ్చి ఒక నిమిషం మాట్లాడుతుంది.

"మమ్మీ, నేను కుషాన్ కింగ్ అవుతున్నా" అంది ఒక సాయంత్రం.

చేతిలో కాఫీ సగం ఒలికిపోయింది. "కుషాణులా! మన కుషాణులే!"

"మన కాదు మమ్మీ. బుక్ ఫోర్‌లో వాళ్ళు."

అదొక నవలల వరస. ఒక్కోటి ఇటుకంత లావు. నాలుగోది లంచ్ టైముల్లో కూర్చుని చదివాను. ఒళ్ళు మండిపోయింది. మధ్య ఆసియా గడ్డి మైదానాల నుంచి గుర్రాల మీద వచ్చి, బాక్ట్రియా నుంచి మథుర దాకా ఏలి, తమ నాణేల మీద గ్రీకు దేవుళ్ళకీ ఇరాన్ దేవతలకీ శివుడికీ బుద్ధుడికీ చోటిచ్చినవాళ్ళు. వాళ్ళ మహారాజుని పట్టుకుని రెక్కల తోడేలు మీద ఎక్కించాడు ఆ రాసినాయన! నాలుగో పుస్తకం చివర ఒక మంత్రగత్తె ఆయన తల నరుకుతుంది. ఐదో పుస్తకమంతా ఆయన ఆ తలని వెతుక్కుంటూ తిరుగుతాడట. కళ్ళు లేకుండా ఎలా వెతుకుతాడని అడిగితే, తోడేలు చూసి చెబుతుందట.

"ఆ తల ఎందుకు లేదో ఎవరికీ తెలీదే. రాసుకో" అన్నాను.

"తెలీదు అంటే ఆన్సర్ కాదు మమ్మీ. విచ్ కట్ చేసింది. బుక్‌లో మ్యాప్ కూడా ఉంది."

"మ్యాపు ఉంటే చరిత్రయిపోద్దా?"

"నీకెలా తెలుసు? నువ్వు టెస్టింగ్ కదా?"

అది పొగరుగా అన్నా బాగుండేది, ఒక్కటిచ్చేదాన్ని. మామూలుగా అడిగింది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు, నిజమే. లోపలికి వెళ్ళి నా పాత కాలేజీ ఐడీ కార్డు తెచ్చి చూపించాను. "హెయిర్ ఫన్నీగా ఉంది" అని తిరిగిచ్చేసింది. ఏడుపొచ్చింది నాకు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఆ పిల్ల కళ్ళకి నేను ఏదో తెలిసినదానిలా కనపడాలని ఉండేది. ఇది కూడా పోతే ఇంకేముంది? లాగిన్ పేజీల గురించి అడుగుతుందా?

సరే, వేషమైనా సరిగా కడదామనుకున్నాను. విగ్రహంలో మహారాజు మోకాళ్ళు దాటే మందపాటి కోటు, పాదాలు చెరో పక్కకీ తిరిగిన పెద్ద బూట్లు వేసుకుని ఉంటాడు. మా తెలుగు చర్చిలో క్రిస్మస్ నాటకానికి కుట్టించిన తూర్పు దేశపు జ్ఞానుల అంగీలు ఉన్నాయి. పొద్దున ఆఫీసుకి కారు నడుపుతూ, చర్చి ఆడవాళ్ళ గ్రూపుకి ఫోన్లో నోటితో చెప్పి మెసేజ్ పెట్టాను. నేనన్నది: "సిస్టర్స్, మా పాపకి స్కూల్లో కుషాన్ వేషం. తల లేదు. జ్ఞానుల అంగీ ఉంటే ఇవ్వండి, అర్జెంట్."

ఫోను రాసింది: "సిస్టర్స్, మా పాపకి స్కూల్లో కుషన్ అవసరం. తలగడ లేదు. జ్ఞానం ఉంటే ఇవ్వండి, అర్జెంట్."

సాయంత్రం ఇల్లు చేరేసరికి గుమ్మం ముందు పదకొండు కుషన్లు. సోఫావి, కుర్చీవి, ఒకటి కుక్క పడుకునేది. నేను తాళం తీస్తుండగానే పాస్టరమ్మగారి ఫోను.

"వందనాలమ్మా. పాపకి కూర్చోటానికి ఇబ్బందంటగా? ఎన్నాళ్ళ నుంచి? మాకెందుకు చెప్పలేదు?"

"అయ్యో, కుషన్ కాదండీ, కుషాన్. రాజులు. చరిత్రలో..."

"నువ్వేం దాచుకోబాకమ్మా. బుధవారం ఉపవాస ప్రార్థనలో పాప పేరు పెట్టేశాం."

నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పినా విన్నవాళ్ళు లేరు. ఆదివారం చర్చిలో మా అమ్మాయి మామూలుగా బెంచీ మీద కూర్చుంది. అంతే, వెనక వరసలో ఇద్దరు ఆంటీలు కళ్ళు తుడుచుకున్నారు. "కూర్చుంది! స్తోత్రం!" అని ఒకావిడ గట్టిగానే అంది. మా అమ్మాయి భయపడి లేచి నిలబడింది. అటు పక్కావిడ, "తొందరేం లేదు తల్లీ, మెల్లగా" అంటూ దాన్ని భుజాలు పట్టుకుని మళ్ళీ కూర్చోబెట్టింది. ఆరాధన అయ్యాక నడుము ఆపరేషన్ చేయించుకున్న ఒక అంకుల్, తాను వాడిన కుషన్ తెచ్చి దాని చేతిలో పెట్టాడు. గారెలా మధ్యలో చిల్లు ఉన్న కుషన్. "దీని మీద కూర్చుంటే స్వర్గమే బేబీ" అన్నాడు. జ్ఞానుల అంగీ మాత్రం నేనే వెళ్ళి చర్చి బీరువాలోంచి తెచ్చుకున్నాను.

ఇంటికొచ్చి మా అమ్మాయి పడీ పడీ నవ్వింది. నవ్వుతూ ఆ గారె కుషన్‌ని నెత్తి మీద పెట్టుకుంది. నాకేం తోచిందో, జ్ఞానుల అంగీ తీసి దాని మీద నుంచి కప్పాను. మెడ దగ్గర గుండ్రంగా చిల్లు, పైన తల లేదు. ఇద్దరం అద్దంలో చూసి నోరు తెరిచాం. అచ్చం మహారాజే.

ఇక కుట్టుపని. భుజాలకి సోఫా కుషన్లు, ఛాతీకి కుర్చీవి, చుట్టూ కుక్కది. గంటలు గంటలు పిల్లని లోపల నిలబెట్టి పిన్నులు పెట్టాను. దిండ్లలో కూరుకుపోయిన పిల్ల ఎక్కడికి పోతుంది? పాఠం మొత్తం చెప్పేశాను. గుర్రాలు, సిల్క్ రోడ్డు, నాణేలు అన్నీ. "తల ఏమైందో తెలీదు. తెలీదని చెప్పటం కూడా జవాబేనే. తెలిసినట్టు నటించటమే తప్పు. రాసుకో" అన్నాను.

"వింటున్నావా?"

"గాలి రావట్లేదు మమ్మీ."

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. మ్యూజియానికి ముందు రోజు స్పీచ్ చూపించమంటే చూపించలేదు. "విచ్ ఉందా?" అని అడిగితే "ఉంది" అంది. నీ ఇష్టం అనేసి వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఆ పూట అన్నం సహించలేదు.

మ్యూజియం బడి ఆటల హాల్లో పెట్టారు. మహారాజుకి ఒక పక్క వ్యోమగామి, ఇంకో పక్క పత్తి గడ్డం అంటించుకున్న అధ్యక్షుడు. ఆయనకి గడ్డం ముక్కులోకి పోయి తుమ్ములు. అందరికంటే పెద్ద క్యూ మా తల లేని రాజు ముందే ఉంది. బేస్‌బాల్ టోపీ పెట్టుకున్న ఒక ముసలి తాతగారి వెనక నిలబడ్డాను. ఆయన వంగి బటన్ నొక్కాడు.

మెడ చిల్లులోంచి మా అమ్మాయి గొంతు వచ్చింది. మాటలు ఇంగ్లీషువే, నేను తెలుగులో చెబుతున్నాను.

"నేను గడ్డి మైదానాల నుంచి వచ్చినవాళ్ళ మనవణ్ణి. వాళ్ళు గుర్రాల మీద వచ్చారు. తోడేలు అయితే ఈ కోటు బరువు మోయలేదు. నా నాణేల మీద అందరి దేవుళ్ళకీ చోటుంది. నా తల ఒక విచ్ తీసుకుందని ఒక పుస్తకంలో ఉంది. అది మంచి కథ, నాకిష్టం. కానీ నిజంగా ఏమైందో ఎవరికీ తెలియదు. తెలియదని చెప్పడం కూడా జవాబే." ఒక్క క్షణం ఆగి, తెలుగులో, గుంటూరు గొంతు పెట్టి అంది: "రాసుకోండి."

తాతగారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, ఆ చివరి మాటేంటని అడిగాడు.

"హిస్టరీ చెప్పాక అలా అనాలి" అంది మహారాజు. "మా మమ్మీ అంటుంది. షి ఈజ్ ఎ హిస్టరీ టీచర్."

'వాజ్' అనలేదు. 'ఈజ్' అంది. తాతగారు "రాస్కోండీ, రాస్కోండీ" అని నోరు తిప్పుకుంటూ వ్యోమగామి వైపు వెళ్ళిపోయాడు. నేను ముందుకు జరిగి బటన్ నొక్కాను. మొత్తం చెప్పింది. మళ్ళీ నొక్కాను. వెనకాల ఎవరో దగ్గారు. ఎవడికి లెక్క?

"మమ్మీ?" చిల్లులోంచి మెల్లగా పిలిచింది. "నువ్వేగా? ఏడుస్తున్నావా?"

"బటన్ నొక్కకుండా మాట్లాడకూడదు" అన్నాను ముక్కు తుడుచుకుంటూ.

నొక్కాను. విసుక్కుంటూనే మళ్ళీ మొదటినుంచీ చెప్పింది. ఈసారి నేను బ్యాగులోంచి పెన్ను తీసి రాసుకున్నాను.