మేనత్త దిద్దిన తలలు

మొన్న రాజమండ్రి ఆసుపత్రిలో డాక్టరుగారు మా మూడు నెలల మనవడి పుర్రె బొమ్మను కంప్యూటరులో అటూ ఇటూ తిప్పి చూపిస్తుంటే, భయపడవలసిన నేను కాస్తా బడిపిల్లలా నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను. పసిపిల్లల పుర్రె ఒకే ఎముక కాదట, ముక్కల మధ్య అతుకులు వదులుగా ఉండి మెదడు పెరిగేకొద్దీ చోటిస్తాయట. నడినెత్తి మీది అతుకు ముందే మూసుకుపోతే తల పక్కలకు పెరగలేక ముందుకీ వెనక్కీ సాగుతుందట. మామూలు తల, మావాడి తల నెలనెలా ఎలా పెరుగుతాయో లెక్కగట్టి, రెండింటినీ పక్కపక్కనే పెంచి చూపించారు. వేళకు ఆపరేషను చేస్తే సర్దుకుంటుందన్నాక ఊపిరి పీల్చుకున్నాను కానీ, నా సందేహం నాకుంది. మా కోడలు వాడికి ప్లాస్టిక్ తొట్టిలో స్నానం చేయిస్తుంది, తల ఎవరూ దిద్దలేదు.

“నీళ్ళు పోసేటప్పుడు సరిగ్గా ఒత్తకపోతే ఇలా అవుతుందాండి?” అని అడిగేశాను.

“చేతిలో ఏం లేదండి. కడుపులో ఉండగానే మూసుకుపోయి ఉంటుంది” అన్నారాయన.

కొవ్వూరులో మా వీధిలో ఎవరికి బిడ్డ పుట్టినా నీళ్ళు పోయడానికి మా మేనత్త రావలసిందే. పీట మీద కూర్చుని కాళ్ళు బారజాపి, బిడ్డను ఆ కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, మాడుకు ఆముదం అద్ది, తలను రెండు అరచేతుల మధ్య గుండ్రంగా దిద్దేది. ఆవిడ హస్తవాసి గొప్పదనేవారు. అటువంటిది మా అక్క కొడుకు తల మాత్రం ఎంత దిద్దినా మామిడి టెంకలా పొడుగ్గా సాగింది. వాడికేమీ కాలేదు లెండి, ఇప్పుడు హెడ్మాస్టరు, హెల్మెట్టు ఒక్కటే పట్టదు. అత్తయ్య ఎక్కువ ఒత్తిందని కొందరు, ఒత్తడం చాల్లేదని కొందరు అన్నారు. రెండూ ఎలా నిజమవుతాయని అడగాలని మాకెవరికీ తోచలేదు. ఒక్కొక్కరే ఆవిడను పిలవడం మానేశారు.

మరో రెండేళ్ళకు మా అబ్బాయి, అంటే ఈ మనవడి తండ్రి, పుట్టాడు. అత్తయ్య పిలవకుండానే వచ్చి చీర చెంగు నడుముకు దోపుకుంది. నేనే పోసుకుంటానులే అత్తయ్యా, అన్నాను. ఆవిడ నీళ్ళలో వేళ్ళు ముంచి వేడి చూసి, బిందె నా దగ్గరకు జరిపి వెళ్ళిపోయింది.

ఇప్పటి తల్లులు తల కాస్త తేడాగా కనబడితే నేరుగా డాక్టరు దగ్గరకు వెళ్తున్నారు, ఎంతో మంచి కాలం. మా రోజుల్లో అడగడానికి డాక్టరు లేడు, అనడానికి అత్తయ్య ఉంది. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. లోకం అన్నది సరే, నా తల దిద్దిన చేతులకు నా బిడ్డను ఇవ్వనిది మాత్రం నేనే.