మచ్చకాయల గంప

1963 ఏప్రిల్‌లో నన్ను నూజివీడు పంచాయతీ సమితికి పరిశ్రమల ఎక్స్‌టెన్షన్ ఆఫీసరుగా వేశారు. పేరు చూసి పెద్ద ఉద్యోగమనుకోకండి. బ్లాక్ డెవలప్‌మెంట్ ఆఫీసరు, అంటే బి.డి.ఓ. గారి కింద వ్యవసాయానికొకరు, పశువులకొకరు, సహకార సంఘాలకొకరు చొప్పున మేం కొందరం ఎక్స్‌టెన్షన్ ఆఫీసర్లం ఉండేవాళ్ళం. పరిశ్రమలు నా వాటా. ఆ వాటాలో ఉన్నవల్లా బియ్యం మిల్లులు, ఒక వడ్రంగుల సొసైటీ, ఆడవాళ్ళకు కుట్టుపని నేర్పే కేంద్రం. ఆఫీసు నాకిచ్చినవి ఒక సైకిలు, ఒక బీరువా. బీరువాకు తాళంచెవి లేదు. ఇంకా ప్రొబేషన్‌లో ఉన్నాను, అంటే నా పని నచ్చకపోతే కారణం చెప్పకుండానే ఇంటికి పంపేయొచ్చు.

మే నెల చివర్లో జిల్లా పరిశ్రమల అధికారి నుంచి ఒక జాబు వచ్చింది. హాలండ్ దేశంలో పండ్లరసాలు తయారుచేసే ఒక కంపెనీ ప్రతినిధి మన దేశంలో మామిడి ప్రాంతాలు చూస్తూ తిరుగుతున్నాడు. అప్పటికే వేరే రెండు రాష్ట్రాలు చూశాడు. మనకు ఒక్క రోజు కేటాయించాడు. ఆయనకు తోట చూపించాలి, పండ్ల నమూనా తీసి ఇవ్వాలి, నమూనా చీటీ మీద సంతకం చేయాలి. ఆ చివరి రెండూ నా బాధ్యత.

విషయం ఎంత పెద్దదో కాస్త చెప్పాలి. అప్పట్లో విదేశీ మారకద్రవ్యానికి మహా కరువు. బయటినుంచి ఒక యంత్రం తెప్పించుకోవాలంటే ఢిల్లీలో లైసెన్సు కోసం చెప్పులరిగేలా తిరగాలి. ఈ హాలండ్ కంపెనీ వాళ్ళు గుజ్జు తీసే యంత్రాలు తామే ఇస్తామని, దానికి డబ్బు బదులు కొన్నేళ్ళపాటు గుజ్జే తీసుకుంటామని ప్రతిపాదించారు. షెడ్డు మనది, పండు మనది, మనుషులు మనవాళ్ళు. నమూనా నచ్చితే వెంటనే కొంత సరుకు కొని, బెజవాడలో ఒక డబ్బాల ఫ్యాక్టరీలో గుజ్జు తీయించి, ఓడలో రోటర్‌డామ్ పంపించి చూస్తారు. దాన్ని ట్రయల్ కన్‌సైన్‌మెంట్ అంటారు. అది నెగ్గితే యంత్రాలొస్తాయి.

తోటలు, సరుకు చూపించడానికి బి.డి.ఓ. గారు ఎంచిన మనిషి వెంకటరత్నం గారు. ఊళ్ళో మామిడి వ్యాపారుల్లో పేరున్న షావుకారు. నూజివీడు వైపు వ్యాపారులు కాయ చూసి కొనరు. చెట్టు పూత మీద ఉండగానే తోట మొత్తం గుత్తకు తీసుకుంటారు. పూత నిలిచి, కాయ నిలిచి, గాలి కరుణిస్తే లాభం. ఆ ఏడు ఆయన తన శక్తికి మించి ముసునూరులో ఒక పెద్ద రసాల తోట గుత్తకు పట్టారు. మే మొదటి వారంలో గాలివాన వచ్చింది. సగం కాయ రాలిపోయింది. నిలిచిన కాయ కొమ్మలకు రాసుకుని, కాయ తెగిన తొడిమల సొన కారి, ఒళ్ళంతా నల్లమచ్చలు తేలింది. మచ్చపడ్డ కాయను మద్రాసు వాడు ముట్టుకోడు, కలకత్తా వాడు ఉత్తరానికి జవాబు కూడా రాయడు. ఆ తోట మునిగితే ఆయన కొట్టు తలుపులు మూసుకోవలసిందేనని బజారులో అందరికీ తెలుసు. ఆయనకూ తెలుసు. అయినా రోజూ పొద్దున్నే ఇస్త్రీ కండువా వేసుకుని వచ్చి కూర్చునేవారు.

నేను రెండు రోజుల ముందు ఆయన కాయ మగ్గబెట్టే పాక దగ్గరికి వెళ్ళి, దొర వస్తున్నాడు, కాస్త శుభ్రంగా ఉంచండని చెప్పి వచ్చాను. ఆ ‘కాస్త శుభ్రంగా’ అన్న మాట ఎంత పని చేసిందో తరవాత తెలిసింది.

వచ్చినాయన పేరు డాలెన్. ఆరడుగుల పైచిలుకు మనిషి, ఎండకు ముఖం కందిపోయి ఉంది. మా బి.డి.ఓ. గారు మే నెల ఎండలో కోటు వేసుకొచ్చారు పాపం. దొర మాత్రం పొట్టిచేతుల చొక్కాతో జీపు దిగాడు. ముసునూరు దారి జీపుకు పనికిరాదని చెప్పి వెంకటరత్నం గారు బాపులపాడు దగ్గర తన బావమరిది తోట చూపించారు. అటువైపు గాలి తగలలేదు. తరవాత అందరం నూజివీడులో ఆయన పాకకు వచ్చాం. గడ్డిలో మగ్గబెట్టిన చిన్న రసాలు రాశిగా పోసి ఉన్నాయి. ఒక్క మచ్చ లేదు. పసుపు రాసినట్టు మెరిసిపోతున్నాయి.

నాకు అనుమానం రాలేదా అంటే వచ్చింది. అడగలేదు. నిజం చెప్పాలంటే, అడగకుండా ఉంటేనే అందరికీ మంచిదనుకున్నాను.

నమూనా తీయడానికి మాకొక పద్ధతుంది. రాశి పైనుంచి కొన్ని, నడుమనుంచి కొన్ని, అడుగునుంచి కొన్ని, ఏరకుండా, అధికారి తన చేత్తో తీయాలి. సరుకు ఎవరిదో వాళ్ళు ముట్టుకోకూడదు. సరిగ్గా ఆ వేళకు వెంకటరత్నం గారు, “రండి ఇ.ఓ. గారూ, కాఫీ చల్లారిపోతోందండీ” అని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళారు. వెళ్ళాను. వచ్చేసరికి గంప నిండి ఉంది. ఇరవై ఆరేళ్ళ వయసు, పక్కన దొర, ఎదురుగా బి.డి.ఓ. నోరు మూసుకున్నాను.

డాలెన్ దగ్గర జానెడు పొడవున్న ఒక గొట్టం ఉండేది. దాని కొసనున్న అద్దం మీద ఒక చుక్క రసం వేసి వెలుగు వైపు పట్టి చూస్తే తీపి ఎంతుందో లోపల గీతల మీద తెలుస్తుంది. చూశాడు, తల ఊపాడు, పుస్తకంలో రాసుకున్నాడు. వెంకటరత్నం గారు ఒక పండు మెత్తగా పిసికి, ముచిక కొరికి ఎలా జుర్రుకోవాలో చూపించారు. దొర చొక్కా నిండా రసం కార్చుకున్నాడు గానీ పండు వదల్లేదు. అందరం నవ్వాం. ఇక మన పని అయినట్టే అనుకున్నాను.

అప్పుడాయన, ఈ పండు మద్రాసులో ఏ ధరకు పోతుందని అడిగాడు. ఆ ప్రశ్న నేను తెలుగులో చెప్పాను. వెంకటరత్నం గారు ఛాతీ విరుచుకుని చెప్పారు, అదీ కాస్త ఎక్కువే చెప్పారు. డాలెన్ ఆ అంకె రాసుకోలేదు. పుస్తకం మూశాడు. చాలా మర్యాదగా అందరికీ కృతజ్ఞతలు చెప్పి, ట్రావెలర్స్ బంగళాలో భోజనం చేసి రెండింటికి బయలుదేరతానన్నాడు. చీటీ పూర్తిచేసి అక్కడికి తెచ్చివ్వమన్నాడు. ఆయన ముఖంలో ఏదో వాడిపోయింది. ఎందుకో మాకెవరికీ అర్థం కాలేదు.

పాక అరుగు మీద కూర్చుని చీటీ నింపడం మొదలుపెట్టాను. రకం, ఊరు, తేదీ రాశాను. నాలుగో గడిలో ‘నమూనా ఎక్కడినుంచి, ఎవరు తీశారు’ అని ఉంది. అక్కడ కలం ఆగింది.

పండ్లు ఏరే ఆడకూలీలకు మంగమ్మ అనే ఆవిడ పెద్ద. దూరంగా గడ్డి సర్దుతోంది. గంప ఎవరు నింపారని అడిగాను. ఆవిడకు నన్ను మోసం చేయాలన్న ఆలోచనే లేదు.

“నేనేనండి అయ్యగారూ. ఒకటొకటీ తుడిచి పెట్టాను. ఈ రాశంతా నిన్న సాయంత్రం బాపులపాడు నుంచి బళ్ళ మీదొచ్చిందండి. మన ముసునూరు కాయ ఎనక పాకలో ఉంది. దొరగారు చూస్తే ఊరి పరువు పోద్దని షావుకారుగారు గోనెలు కప్పించారండి.”

వెనక పాకకు వెళ్ళి గోనె ఎత్తి చూశాను. రాశులు రాశులుగా మచ్చకాయ. వాసన మాత్రం పాకంతా ఘుమ్మని నిండి ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. షావుకారు మీద కొంత, కాఫీకి వెళ్ళిన నా మీద ఎక్కువ. వెంకటరత్నం గారిని నిలదీశాను. ఆయన ఏమీ దాచలేదు.

“మచ్చకాయ తీసుకెళ్ళి పరాయి దేశపాయన ముందు పెట్టమంటారేంటండీ? పిల్లనిచ్చేటప్పుడు మాసిన చీరతో చూపిస్తామా? మీరు ఒక్క సంతకం పెట్టండి. తరవాత సంగతి తరవాత చూసుకుందాం.” గొంతు తగ్గించి అన్నారు. “నా సంగతి మీకు తెలుసు కదండీ.”

తెలుసు. అదే కష్టం. సంతకం పెడితే, రేపు కొనేటప్పుడు దొరకు ఈ మచ్చకాయే ఎదురవుతుంది. అప్పుడు పోయేది నూజివీడు మాట, నా ఉద్యోగం. పెట్టకపోతే ఇవాళే ఈ మనిషి మునుగుతాడు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, అలా ఉంది నా పని. చివరికి నాలుగో గడిలో ‘వ్యాపారి వేరే తోటనుంచి తెప్పించి ఏరించినవి, నేను తీయలేదు’ అని రాశాను. రెండో చీటీ తీసుకుని వెనక పాకలో పైన, నడుమ, అడుగున చెయ్యి పెట్టి ఒక గంపెడు మచ్చకాయ నేనే తీశాను. దాన్ని సైకిలు వెనక కట్టి, తోసుకుంటూ ట్రావెలర్స్ బంగళాకు బయలుదేరాను. వెంకటరత్నం గారు అడ్డుపడలేదు. అలాగని వెనక్కీ పోలేదు. చెప్పులు టపటపలాడించుకుంటూ నా వెనకే నడిచొచ్చారు. మిట్టమధ్యాహ్నపు ఎండలో మైలు దూరం అలాగే నడిచాం.

డాలెన్ భోజనం ముగించి పెట్టె సర్దుకుంటున్నాడు. రెండు చీటీలూ ఇచ్చాను. జరిగింది జరిగినట్టు నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. తప్పు నాదేనని కూడా చెప్పాను. బి.డి.ఓ. గారు వరండాలో నిలబడి నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

డాలెన్ మొదటి చీటీ చదివాడు. రెండోది చదివాడు. గంపలోంచి అన్నిటికన్నా అనాకారిగా ఉన్న పండొకటి తీసి చాకుతో కోసి, గొట్టం మీద చుక్క వేసి, కిటికీ వైపు తిరిగాడు. ఇంకొకటి కోశాడు. మరొకటి కోశాడు. చివరికి, ఇవి ఎన్ని ఉన్నాయని అడిగాడు.

నాకు సరిగ్గా వినబడలేదేమోనని మళ్ళీ అడిగించాను. ఆయన ఓపిగ్గా చెప్పాడు. తీపి పొద్దుటి పండుకు ఏమాత్రం తీసిపోలేదట. తొక్క తామెలాగూ పారేస్తామట. పొద్దున చూపించినది బల్ల మీద పెట్టుకుని తినే పండు, దాని ధర పెట్టి కొని యంత్రంలో వేస్తే కంపెనీ ఏడాది తిరక్కుండా దివాలా తీస్తుందట. ‘నాణ్యం అద్భుతం, మాకు పనికిరాదు’ అని పుస్తకంలో రాసేశాడట. ఆ పేజీ తీసి నా ముందే కొట్టేశాడు. “వెళ్ళిన ప్రతిచోటా రాజుగారికి పెట్టే పండే చూపిస్తున్నారు. అమ్ముడుపోని మంచి పండు కోసం నేను రెండు నెలలుగా తిరుగుతున్నాను” అన్నాడు.

నేను తిరిగి వెంకటరత్నం గారికి తెలుగులో చెప్పాను. ఆయన నమ్మలేదు. దొర ధర అడిగితే మద్రాసు ధర తడుముకోకుండా చెప్పిన మనిషి ఈసారి ఇంతే అన్నారు. “వీటికి ధరేంటండీ!” బంగళా మెట్ల మీద కూర్చుండిపోయారు. కండువాతో ముఖం తుడుచుకున్నారు, చాలాసేపు తుడుచుకున్నారు. నేనూ ఆయన పక్కనే కూలబడ్డాను. అంత తేలికగా ఊపిరి పీల్చుకున్న రోజు నా సర్వీసులో ఇంకొకటి లేదు.

డాలెన్ ఆ రోజు బయలుదేరలేదు. సాయంత్రం ముసునూరు తోటకు వెళ్ళాం. జీపు నిక్షేపంలా వెళ్ళింది. మర్నాటినుంచి వారం రోజులు మంగమ్మ జట్టు మచ్చకాయ గంపలకెత్తితే, లారీలు హనుమాన్ జంక్షన్ మీదుగా బెజవాడ చేరాయి. మంచి ధర కాదుగానీ, ఆయన కొట్టు తలుపులు తెరిచి ఉండడానికి సరిపోయే ధర. చలికాలంలో రోటర్‌డామ్ నుంచి జవాబొచ్చింది. పీచు ఎక్కువగా ఉంది, సన్న జల్లెడ కావాలి, మిగతాదంతా సమ్మతమే అని. ఢిల్లీ అనుమతులకు ఇంకో రెండేళ్ళు పట్టింది. మూడో వేసవికి యంత్రాలు బిగించారు. మొదటి రోజు ఏరే బల్ల దగ్గర మంగమ్మే నిలబడింది. తళతళలాడే పండొకటి కనబడితే పక్కన పెట్టేసి, “ఇది మద్రాసుకండి” అంది నాతో.

నాకు మాత్రం బి.డి.ఓ. గారు మెమో ఇచ్చారు. మొదటి నమూనా స్వయంగా ఎందుకు తీయలేదో సంజాయిషీ ఇవ్వమని. కాఫీకి వెళ్ళానని రాశాను. సర్వీసు రిజిస్టరులో ఒక హెచ్చరిక ఎక్కింది. అది న్యాయమే.

తరవాత డిప్యూటీ డైరెక్టరుగా రిటైరయ్యేదాకా ఏ నమూనా అయినా నా చేత్తోనే తీశాను. ఏ కొనుగోలుదారు వచ్చినా, మన గొప్పలు చెప్పకముందే, దీన్ని తీసుకెళ్ళి ఏం చేస్తారని అడిగేవాణ్ణి. కొత్తగా చేరిన ఇన్‌స్పెక్టర్లకు నేను చెప్పిందీ అంతే. ముందున్న రాశి ఎంత బాగున్నా సరే, వెనక పాకలోకి వెళ్ళి గోనె ఎత్తి చూసి రండి.