అయోడిన్ పక్కన కార్బన్

ఒక అణువులో అయోడిన్ పక్కనున్న కార్బన్‌కి నేను కంప్యూటర్‌లో లెక్కగట్టిన అయస్కాంత సిగ్నల్, ల్యాబ్‌లో కొలిచినదానికి దరిదాపుల్లో కూడా లేదు. "కొలిచినోళ్లే తప్పు చేసుంటారు," అని తేల్చేశారు నా పీహెచ్‌డీ గైడుగారు. అయోడిన్ బరువైంది, దాని లోపలి ఎలక్ట్రాన్లు కాంతి వేగంలో మూడోవంతుకి పైనే పరిగెడతాయి, లెక్కలో రిలేటివిటీ కలపాలి సార్ అన్నాను. "కెమిస్ట్రీకి రిలేటివిటీ ఏటమ్మా!" అని పదిమందిలో నవ్వారు.

ఒళ్లు మండి, మల్కాపురంలో మా ఇంట్లో కూర్చుని నేనే కలిపాను. లెక్క, కొలత అతికినట్టు సరిపోయాయి.

రుషికొండ సెమినార్‌లో సారు మైకు పట్టుకుని, "మొదట్నుంచీ నా అనుమానం రిలేటివిటీ మీదే," అన్నారు. హాలంతా చప్పట్లు. స్లైడ్లు మార్చడానికి ల్యాప్‌టాప్ దగ్గర నిలబడ్డ నావైపు చూసి ఒక్క మాటే అన్నారు: "నెక్స్ట్."